వ్యయలాఘవమును ధర్మమును

వ్యాధి వచ్చిన పిమ్మట చికిత్స చేయుటకంటె రాకుండ కాచుట మేలని యెల్లరు నంగీకరింతురు. కాని యా కాపుదలకై మనిషి యొక్కింటికి ఎంత వ్యయమైనదని లెక్క యడిగినచో కొందరు సజ్జనులు నొచ్చుకొందురు. ప్రాణమునకు వెల కట్టవచ్చునా యని వారి యాక్షేపణ. ఇది వినుట కింపుగా నున్నను మాకు సరియని తోచదు. ప్రజాద్రవ్యము మితము. ఒకచోట వృథాయైన రూపాయి మరియొకచోట నొకరికి అందవలసిన రక్షణయే గదా!

2003లో గేట్సు ధర్మసంస్థవారు మన దేశమున ‘ఆవాహన్’ అను పేర హెచ్.ఐ.వి. నివారణకార్యము నారంభించిరి. ఆంధ్రప్రదేశ్ మొదలగు ఆరు రాష్ట్రములలో లైంగికవృత్తియందున్న స్త్రీలకును, సూదిమందుల కలవాటుపడినవారికిని, లారీ డ్రైవర్లు మున్నగువారికిని కాండోములు, సుఖవ్యాధుల చికిత్స, తోడివారి హితబోధ అందించిరి. 2009 మొదలుకొని యా పని దశలవారిగా ప్రభుత్వమున కప్పగింపబడెను.

ఇట్టి కార్యము విస్తరించినప్పుడు లెక్క యెట్లు నడచునో చూడుడు. కేంద్రమునకు ఇంటి యద్దె, వైద్యుని జీతము, గుమాస్తా జీతము నూర్గురు వచ్చినను అయిదువందలమంది వచ్చినను ఇంచుమించు నొక్కటే. కావున మంది పెరిగినకొలది తలసరి ఖర్చు తగ్గును. అయితే యీ తగ్గుదల కొంతవరకే. పట్టణములో నొకచోట గుమిగూడినవారిని చేరుట సులభము. పల్లెపల్లెకు చెదరి, ఇంటివారికి తెలియనీయక, సెల్‌ఫోనుపై బేరములాడుకొను స్త్రీని చేరుట కష్టము. అక్కడ ఖర్చు మరల పైకెక్కును.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. సగటు నొక్కదానినే చూచు అధికారికి ఆ పల్లెను విడిచిపెట్టుట పొదుపుగా కనబడును. స్థాలీపులాకన్యాయము అన్నపుకుండకు చెల్లును గాని మనుష్యులకు చెల్లదు. పల్లెలోని ఖర్చును పట్టణపు ఖర్చుతో పోల్చుటయే పొరపాటు. 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వము హెచ్.ఐ.వి. మందుల నుచితముగా నిచ్చుచున్నది. సోకినవారు వానిని జీవితాంతము వాడవలెను. ఆ జీవితకాలపు ఖర్చుతో పోల్చినగదా పల్లెకు పోవుట ప్రియమో చౌకయో తేలును!

మరియు దేనిని లెక్కించుచున్నామో యెరుగవలెను. ఎన్ని కాండోములు పంచితిమనుట సులభమైన పద్దు. ఎందరు వ్యాధినుండి తప్పుకొనిరనుట కఠినమైన పద్దు. పోలీసులు పట్టుకొనిపోయిన స్త్రీకై అర్ధరాత్రి ఠాణాకు పోయిన తోడికార్యకర్త శ్రమ యే పద్దులో చేరును? మొదటి లెక్కలో నది దుర్వ్యయము. కాని స్త్రీలు కేంద్రమును నమ్మి వచ్చుట కట్టి రాత్రులే కారణము.

ఇంకొక మాట చెప్పక తప్పదు. పోలియో చుక్కలకై కార్యకర్తలు బీహారులోని కోసీ నదీప్రాంతమున నీళ్లు దాటి మారుమూల బిడ్డలను చేరిరి. 2011 జనవరి తరువాత ఆ వైరసు మన దేశమున నెవ్వరికిని సహజముగా సోకిన జాడ లేదు. ఆ ఖర్చును నిందించినవారిని మే మెరుగము. లైంగికవృత్తిలోనివారి మాట వచ్చినప్పుడే కొందరు గృహస్థులకు పొదుపు జ్ఞప్తికి వచ్చుచున్నది. అది లెక్క కాదు, ఏవగింపు.

కావున పట్టణములకును పల్లెలకును వేరువేరు పద్దులు వ్రాయింపవలెనని మా యభిప్రాయము. రెండును ఒక్క సగటులో కలిసిపోయిన కచేరీలో, ఖర్చు తగ్గింపుడని యుత్తరువు వచ్చిననాడు మొదట కొట్టివేయబడునది పల్లెకు పోవు కార్యకర్త బస్సు చార్జీయే.