కడపటి విస్తరి



వైష్ణవగృహములలో అన్నము కేవలము ఆకలి తీర్చు పదార్థము కాదు. స్వామికి ఆరగింపు చేసిన పిదప అది ప్రసాదమగుచున్నది. ఆలయమున ప్రసాదగోష్ఠి జరుగునపుడు చూడుడు: చంటిబిడ్డ చేతిలో నుంచునదియు, వృద్ధుని చేతిలో నుంచునదియు ఒక్కటే పొంగలి. ఎవరినైనను దాటిపోయినచో అర్చకస్వామి వెనుకకు మరలివచ్చి పెట్టును. ఆ గోష్ఠిలోని సమత్వము మన వంటయింటి గడపలోనికి వచ్చుచున్నదా? ఇదియే నేటి మన విచారణ.

పెక్కు యిండ్లలో నేటికిని ఒక వరుస గలదు. ముందు మగవారు, పిదప పిల్లలు, ఆ పిదప అత్తగారు, తుదకు కోడలు. ఆమె కూర్చుండునప్పటికి పప్పుగిన్నె అడుగంటియుండును. కూర యైపోయి యుండును. మజ్జిగ పలుచనై యుండును. పచ్చడి కలుపుకొని నాలుగు ముద్దలు తిని ఆమె లేచును. ఆమెను ఎవరును ఆకలితో మాడ్చలేదు. కాని ఆమెకు మిగిలినదేమో ఎవరును చూడలేదు.

మా యింటను ఇట్లే జరిగెడిది. రెండవసారి వడ్డింపుమని అడుగుటయే గాని, మా అమ్మ కేమి మిగిలెనో నేనెన్నడును అడిగి యెరుగను. కన్నులు తిరుగుచున్నవనియు, మెట్లెక్కిన ఆయాసము వచ్చుచున్నదనియు ఆమె అనునపుడు, వయసు మీరుచున్నది గదా యని ఊరకుంటిమి. అది రక్తహీనత యని వైద్యుడు చెప్పిననాడు నేను తలయెత్తలేకపోతిని.

ఇది ఒక్క యింటి కథ కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 నుండి 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు; అదే వయసు పురుషులలో నూటికి 25 మందికే గలదు. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో ఈ సంఖ్య దాదాపు 59. నెలనెలా కలుగు రక్తస్రావము, కాన్పులు ఇందుకు కొంత కారణమే. కాని ఆ కారణముననే స్త్రీకి ఇనుము ఎక్కువ కావలసియున్నది. ఎవరి అవసరము ఎక్కువయో వారికే వంతు తక్కువగుట ఎట్టి ధర్మము? తల్లికి రక్తము చాలనిచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టుట, కాన్పు ప్రమాదకరమగుట సంభవించును. కావున కడపటి విస్తరిలోని కొరత రాబోవు తరమునకు సంక్రమించుచున్నది.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి డెల్టా ధాన్యాగారమైనది. మండపేట రైసుమిల్లులనుండి బియ్యము దూరదేశములకు పోవుచున్నది. ఊరిలో ధాన్యమున్నంత మాత్రమున ఇంటిలో అందరికి ఆరోగ్య ముండదు. గాదెకును దేహమునకును నడుమ బంధుత్వమను వంతెన యున్నది. ఆ వంతెన ఏటవాలుగా నున్నచో అన్నము ఒక ప్రక్కకే జారును.

స్త్రీలు కడపట తినుట మన శాస్త్రమే యని కొందరందురు. విష్ణుపురాణము తృతీయాంశమున ఔర్వమహర్షి సగరునకు గృహస్థధర్మములను ఉపదేశించినాడు. అందు క్రొత్తగా పెండ్లియైన స్త్రీలకు, దుఃఖితులకు, గర్భిణులకు, వృద్ధులకు, పిల్లలకు ముందు పెట్టి, గృహస్థుడు కడపట భుజింపవలెనని చెప్పబడినది. వీరు తినకమునుపు తాను తినువాడు పాపమునే తినుచున్నాడని కూడ హెచ్చరించినాడు. కడపటి విస్తరి యజమానిదని మహర్షి చెప్పగా, మనము దానిని కోడలి ముందునకు జరిపితిమి!

ఈ సందర్భమున మండపేట ఆడపడుచు డొక్కా సీతమ్మగారిని స్మరింపక తీరదు. ఆమె 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు వచ్చినవారికెల్ల అన్నము పెట్టుచుండుటచే ఊరివారు ఆయనను ‘బువ్వన్న’ అని పిలిచెడివారు. లంకల గన్నవరము రైతు డొక్కా జోగన్నగారిని వివాహమాడి, గోదావరి దాటివచ్చు బాటసారులకు వేళ గాని వేళ యనక వండిపెట్టి, 1909లో పరమపదించిరి. ఒకమారు అంతర్వేది నృసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, త్రోవలో కొందరు ఆకలితో తన యింటికే పోవుచున్నారని విని, బండిని వెనుకకు త్రిప్పించిరని పెద్దలు చెప్పుదురు. ఆకలిగొన్నవానిలోనే స్వామి దర్శనమిచ్చునని ఆమె విశ్వాసము. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది.

అయితే ఒక్క సంగతి గమనింపుడు. పుట్టినింట పెట్టుట నేర్పిన తండ్రి, మెట్టినింట అడ్డు చెప్పని భర్త లేకున్న ఆ మహాయజ్ఞము సాగెడిదా? ఇంటివారి అనుకూలతయే ఆ పొయ్యికి సమిధ యైనది. సీతమ్మగారిని కొనియాడు మనము, మన యింటి సీతమ్మ తిన్నదా యని అడుగవలదా?

చేయవలసినది కష్టమైనది కాదు. వీలైనపుడెల్ల అందరును కలిసి కూర్చుండుడు. వీలుకానపుడు వండినవారి వంతు ముందే తీసి మూతపెట్టుడు. తోటకూర, పెసలు, నువ్వులు ఆమె విస్తరిలో నుండునట్లు చూడుడు. నిమ్మరసము తోడైన ఇనుము బాగుగా వంటబట్టును. భోజనమైన వెంటనే కాఫీ, టీలు త్రాగినచో అది తగ్గును. గర్భిణికి ఆరోగ్యకేంద్రమున ఉచితముగా ఇచ్చు ఇనుపమాత్రలు అటకమీద మిగిలిపోవుచున్నవి; అత్తగారు మంచినీళ్ళతో సహా చేతికిచ్చి, “మింగు తల్లీ!” అనినచో అవి ఔషధములగును. కొడుకులు దూరదేశములలో నుండగా ఒంటరిగా తిను వృద్ధులను కూడ మరువకుడు. తోడు లేని ముద్ద గొంతు దిగదు.

తిరుప్పావై వ్రతారంభమున పాలు, నేయి విడిచిన గోపికలు, ఇరువదియేడవ పాశురమున నేయి కారు పాయసాన్నమును అందరును కూడి ఆరగింతుమని స్వామిని కోరుదురు. వ్రతఫలమునే కలిసి భుజించుటగా గోదాదేవి చూపినది. ఈ పూట ఆరగింపైన పిదప గృహస్థులు ఒక్కమారు వంటయింటిలోనికి పోయి గిన్నె మూత తీసి చూతురు గాక! ఆ కడపటి విస్తరి నిండుగా నున్న యింట శ్రీమన్నారాయణుడు సంతుష్టుడై వసించు గాక!