ఇల్లెవరిది?

ఇల్లెవరిదను ప్రశ్న పైకి స్వల్పముగనే తోచును. కట్టినవానిదని కొందరు, కొన్నవానిదని కొందరు చెప్పుదురు. దస్తావేజులో పేరున్నవానిదని న్యాయస్థానము తీర్పు చెప్పును. కాని ధర్మదృష్టితో విచారించునప్పుడు ఈ సమాధానములు చాలవు.

రామచంద్రపురము వారికి చేరువనే యున్న రాజమహేంద్రవరమున దీనికి తగిన దృష్టాంత మొకటి కలదు. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి పాత యిల్లు. 1848 ఏప్రిల్ 16వ తేదీన వారచ్చటనే జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి సుబ్బారాయుడుగారు గతించగా, తల్లి పున్నమ్మగారును పెదతండ్రియును వారిని పెంచిరి. అంతవరకు ఆ యిల్లు వీథిలోని తక్కిన యిండ్ల వంటిదే. పెద్దల నుండి పిన్నలకు సంక్రమించిన సొత్తు.

1881 డిసెంబరు 11వ తేదీన ఆ యింట గౌరమ్మ యను బాలవితంతువునకు గోగులపాటి శ్రీరాములుగారితో వివాహము జరిగెను. ఆంధ్రదేశమున మొదటి వితంతు వివాహముగ అది ప్రసిద్ధి కెక్కినది. 1856 నాటి చట్టము అట్టి పెండ్లికి అనుమతించినను, ఊరు అంగీకరింపలేదు. వంటవారు, నీళ్లు మోయువారు ఆ గడప తొక్కుట మానిరి. అంతట పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నుండి నీరు తెచ్చి వంట చేసిరి.

పెద్దలిచ్చిన యింటిని పెద్దల యాచారమునకు విరుద్ధముగ వాడవచ్చునా యని నాడు అడిగినవారు కలరు. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అయితే పెద్దలు గోడలతోపాటు అతిథిధర్మమును కూడ ఇచ్చిరి. దిక్కులేని బాలికకు తలుపు మూసినచో గోడలు నిలుచును గాని ఆ ధర్మము నిలువదు. కావున వారసత్వమును చెల్లించినది తలుపు తెరచినవారే.

ఆ దంపతులకు సంతానము లేదు. తమ ఆస్తిని హితకారిణీ సమాజమునకు సమర్పించి, పంతులుగారు 1919 మే 27వ తేదీన మద్రాసులో కన్నుమూసిరి. నేడా యిల్లు స్మారక గృహముగ నిలిచియున్నది. అందెవరును కాపురముండరు, ఐనను చూడవచ్చినవారు గౌరమ్మ పెండ్లినే తలచుకొందురు.

ఇల్లు స్థావరము, దాని గడప దాటి వచ్చిపోవు మనుష్యులు జంగమము. బసవేశ్వరుడు జంగమమునకే పెద్దపీట వేసెను. అన్నదమ్ములు పాత యింటిని పంచుకొనునాడు గజములు కొలుతురు, దూలములు లెక్కింతురు. ఆపదలో వచ్చిన వారెందరికి ఆ యింట చోటు దొరికెనో కూడ లెక్కించినచో, అది ఎవరి యిల్లో తేటపడగలదు.