ధర అడిగే ముందు కొలత అడుగు

పలమనేరు

రఘూ,

మాలూరు పక్కన పావు ఎకరం తోట చూశావని, ఆదివారం టోకెన్ కడతావని మీ అమ్మ చెప్పింది. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో అన్ని అంతస్తుల పైన కాపురముండేవాడికి మట్టి మీద మనసు పోవడం నాకు తెలుసు. కాదనను. కానీ నువ్వు ధర చెప్పావే గానీ, కొలత ఏ లెక్కలోదో చెప్పలేదట. నా దిగులు అక్కడ.

మనది మూడు రాష్ట్రాలు కలిసే సీమ. మనకు సెంట్లు, కోలారు వైపు గుంటలు, హోసూరు పట్టాల్లో హెక్టార్లు, ఆర్లు. ఎకరమంటే 100 సెంట్లు, లేదా 40 గుంటలు. గుంటంటే నాలుగు పక్కలా 33 అడుగులు. 1,089 చదరపు అడుగులు, మన రెండున్నర సెంట్లు. ఇవన్నీ నేను బళ్లో నేర్చుకోలేదు. సర్వేయరు వస్తే గొలుసు కొస పట్టుకుని మీ తాత వెనక గట్లమ్మట తిరిగేదాన్ని. హద్దురాయి కనబడేదాకా ఆయన ఇంటికి కదిలేవాడు కాదు.

అంతటి మనిషికీ ముళబాగిలు చేను దగ్గర దెబ్బ తగిలింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, నీకు సగమే తెలుసు. భూమి పత్రం పహాణీలో 2 ఎకరాల 20 గుంటలు ఉంది, మొత్తానికీ డబ్బు కట్టాం. అందులో 18 గుంటలు సాగుకు పనికిరాని ఖరాబు, కాలవ కింద పోయింది. బావి తవ్వాలనుకున్న చోటూ అదే. కాగితం కన్నడంలో ఉంది, మధ్యవర్తి చదివి వినిపించిందే మాకు తెలిసింది. పంట రాలేదు, అప్పు నిలిచింది. చింతతోపు అమ్మింది అందుకే. నా చదువు ఇంటర్‌తో ఆగిందీ అందుకే.

ఇప్పుడు గొలుసు లాగేవాళ్లు లేరు. కమాను గేటు, డ్రోను వీడియో, వరసగా నాటిన మామిడి మొక్కలు చూపించి పొలాన్ని చదరపు అడుగుల్లో అమ్ముతున్నారు. అడుగు 400 అంటే చవకగా వినిపిస్తుంది. 43,560తో గుణించు, ఎకరం 1 కోటి 74 లక్షలు దాటుతుంది. పక్క రైతు తన ఎకరం ఎంతకిస్తాడో ఎవరైనా అడుగుతున్నారా?

ఇక చెప్పింది చెయ్యి. ఆదివారం టోకెన్ కట్టకు. కర్ణాటకలో 2020 నుంచి రైతు కానివాళ్లూ సాగుభూమి కొనొచ్చు, ఆ భయం లేదు. భయమంతా హద్దులతోనే. పహాణీలో మూడో గడి చూడు. మొత్తం విస్తీర్ణంలోంచి ఖరాబు తీసేశాక మిగిలిందెంతో అక్కడే ఉంటుంది. బి ఖరాబు దారులకూ కాలవలకూ విడిచిన నేల, దానికి పైసా ఇవ్వకు. సర్వే నంబరులో ఒక ముక్కే కొంటున్నావు కాబట్టి ఆ ముక్కను కొలిచి గీసిన 11ఇ నక్షా అడుగు. నీ ముక్కకు హద్దులు చూపకుండా అందరికీ కలిపి వాటా రాసిస్తామంటే లేచి వచ్చెయ్. సర్వేయరును నువ్వే పిలిపించి కొలిపించు, దారి కూడా కాగితంలో ఉందో లేదో చూడు. తర్వాత పక్క రైతుల దగ్గర ఎకరం ధర అడిగి, దాన్ని 40తో భాగించి గుంట ధర తేల్చుకుని, అప్పుడు బేరమాడు.

కొలత ఖర్చు నేను పంపిస్తాను. ఇదంతా తేలేదాకా ఈ తోట కోసం ఊళ్లో మీ నాన్న వాటా అమ్మకానికి పెట్టొద్దు. కొనబోయే మనిషికి ఫోన్ చేసి ఇప్పుడు అమ్మడం లేదని ఈ రోజే చెప్పెయ్.

మీ మేనత్త