సాలీడు ఇల్లు – మన చేతిలోని అమానతు



రమజాన్‌ నెల దగ్గర పడుతోందంటే మన ఇళ్ళలో మొదట మొదలయ్యే పని బూజులు దులపడం. చీపురు కర్ర పైకి లేస్తుంది, మూలల్లోని సాలెగూళ్ళు ఒక్క విసురుతో రాలిపోతాయి. ఇంటిని శుభ్రంగా ఉంచుకోవడం మంచి పనే. పరిశుభ్రత విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) మనకు బోధించారు. అయితే మనం క్షణంలో తుడిచేసే ఆ గూటిని అల్లాహ్‌ తన గ్రంథంలో ఉపమానంగా ఎన్నుకున్నాడు. ఒక సూరాకే దాని పేరు వచ్చింది. ఆ సంగతిని మనం ఎంతమందిమి ఆలోచించాం?

అల్లాహ్‌ను వదలి ఇతరులను రక్షకులుగా ఆశ్రయించేవారి స్థితి ఇల్లు కట్టుకున్న సాలీడు లాంటిదని, ఇళ్ళన్నింటిలో మిక్కిలి బలహీనమైనది సాలీటి ఇల్లేనని సూరయె అన్‌కబూత్‌ 41వ ఆయతు తెలియజేస్తుంది. ఇక్కడ నిందపడింది సాలీడు మీద కాదు. డబ్బు, పలుకుబడి, సిఫారసు, తాయెత్తు లాంటి వాటి నీడలో నిశ్చింతగా ఉండవచ్చనుకునే మనిషి మీద. ఆ వెంటనే, 43వ ఆయతులో, ఈ ఉపమానాలను జ్ఞానం గలవారే గ్రహిస్తారన్న హెచ్చరిక ఉంది. అంటే సాలీడును గురించి తెలుసుకోవడం కూడా ఆ గ్రహింపుకు ఒక మెట్టే.

గుత్తిలో దొరికిన నీలి సాలీడు

మన తెలుగు నేల మీదే జరిగిన ఒక ఉదంతం చూడండి. అనంతపురం ప్రాంతంలోని గుత్తిలో, రైల్వే కలప యార్డులో ఒక పెద్ద సాలీడు దొరికింది. దాని ఒంటి మీద లోహంలా మెరిసే నీలిరంగు. లండన్‌లోని బ్రిటిష్‌ మ్యూజియంలో పనిచేస్తున్న రెజినాల్డ్‌ పొకాక్‌ అనే శాస్త్రవేత్త 1899లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి, పోయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఒక జీవిని కొత్త జాతి అని చెప్పడం మాటలు కాదు. కళ్ళ అమరిక, కాళ్ళ కొలతలు, కోరలు, వెంట్రుకలు, రంగులు ఒక్కొక్కటీ పరిశీలించి, అంతకు ముందు తెలిసిన జాతులన్నింటితో పోల్చి, తేడా చూపాలి. అప్పుడే ఆ పేరు నిలుస్తుంది.

ఆ తర్వాత 102 సంవత్సరాల పాటు ఆ సాలీడు మళ్ళీ ఎవరి కంటా పడలేదు. పేరు పుస్తకంలో ఉంది, ప్రాణి జాడ లేదు. చివరికి 2001లో గుత్తికి వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల – గిద్దలూరు మధ్య తూర్పు కనుమల అడవిలో అది కనబడింది. గుత్తి దాని ఊరు కాదనీ, కొండల్లో నరికిన కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందనీ పరిశోధకుల అభిప్రాయం.

నూరేళ్ళు మనిషికి అది తెలియదు. కానీ అది ఆ నూరేళ్ళూ ఆ చెట్ల తొర్రల్లోనే బతికింది, వేటాడింది, పిల్లల్ని పెట్టింది. దానికి ఆహారం ఎవరు అందించారు? భూమ్మీద సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని, దాని నివాసం ఆయనకు తెలుసునని దివ్యఖుర్‌ఆన్‌ తెలియజేస్తుంది (హూద్‌: 6). ప్రపంచంలో నమోదైన సాలీటి జాతుల లెక్క 2022లో 50,000 దాటింది. ఇంకా ఏటా కొత్తవి చేరుతూనే ఉన్నాయి. మనం పేరు పెట్టాం కాబట్టి అవి పుట్టలేదు. ఆదమ్‌ (అ)కు పేర్లన్నీ నేర్పినవాడే వాటిని పుట్టించాడు.

రంగులోని సూచన

ఈ సాలీడు టరాంటులాల కుటుంబానిది. మన ఇంటి సాలీళ్ళ కోరలు పటకారులా పక్కల నుంచి కలుసుకుంటాయి. వీటి కోరలు గునపాల్లా పై నుంచి కిందికి దిగుతాయి. ఇది గాలిలో వల అల్లదు. పెద్ద చెట్ల తొర్రలో పట్టుదారాలతో పరుపు వేసుకుని పగలంతా దాక్కుంటుంది, రాత్రి పురుగుల్ని వేటాడుతుంది.

దాని నీలిరంగు మరింత ఆశ్చర్యం. అది రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల లోపల, మామూలు కంటికి కనిపించనంత సూక్ష్మమైన పొరలు కాంతిని తాకి నీలాన్ని మాత్రమే తిప్పి పంపుతాయి. కొండల్లో తెలుపు, ఎరుపు, కారు నలుపు చారలున్నాయని, మనుషుల్లో, జంతువుల్లో రకరకాల రంగులున్నాయని చెప్పిన వెంటనే, అల్లాహ్‌కు ఆయన దాసులలో జ్ఞానులే భయపడతారని సూరయె ఫాతిర్‌ (27, 28) అంటుంది. రంగును చూసి మురిసిపోయేవాడు సగం చూశాడు. ఆ రంగు వెనుక ఉన్న కర్తను చూసి వణికినవాడు పూర్తిగా చూశాడు.

ఎవరి ఇల్లు బలహీనం?

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ సాలీడు ఇల్లు ఒక చెట్టు. వంటచెరకు కోసం, కలప కోసం ఆ చెట్టు పడితే ఇల్లు పోయినట్లే. అది బతికే చోటు 100 చదరపు కిలోమీటర్లకు లోపేనని అంచనా వేసి, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. పైగా అందమే దానికి శత్రువైంది. గాజు పెట్టెల్లో పెంచుకునే సరదా కోసం దాన్ని విదేశాల్లో కొంటారు, అమ్ముతారు. ఈ జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద 2019లో నియంత్రణ వచ్చింది.

ఇళ్ళన్నింటిలో బలహీనమైన ఇంటిని మనిషి మరింత బలహీనం చేశాడు! అల్లాహ్‌ మనిషిని భూమి మీద ఖలీఫాగా నియమించాడు. ఖలీఫా అంటే యజమాని కాదు, లెక్క అప్పగించవలసిన వాడు. భూమ్మీద నడిచే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సమూహాలేనని సూరయె అన్‌ఆమ్‌ (38) తెలుపుతోంది.

ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట పిల్లల్ని తీసుకున్నారు. తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది. దైవప్రవక్త (స) అది చూసి, దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లల్ని తిరిగి ఇచ్చెయ్యమన్నారు. అప్పుడే కాల్చిన చీమల పుట్టను చూసి, అగ్నితో శిక్షించే హక్కు అగ్నికి ప్రభువైన వానికే ఉందని మందలించారు (అబూదావూద్‌). గూడు మీద ప్రవక్త (స)కు ఉన్న జాలి మన గుండెల్లో ఏదీ?

సౌర్‌ గుహ దగ్గర సాలీడు గూడు అల్లిన కథను చెప్పి, సాలీడును గౌరవించాలని మన పెద్దలు అంటుంటారు. ఆ ఉల్లేఖన పరంపర మీద హదీసు పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ కథ లేకున్నా జీవకారుణ్యానికి పైన చెప్పిన ఆధారాలు చాలు.

మనం చేయవలసింది

రాజమహేంద్రవరంలో ఉన్న మనకు నల్లమల దూరం అనిపించవచ్చు. కానీ మన గోదావరి పాపికొండల మధ్య నుంచి చీల్చుకు వచ్చే తూర్పు కనుమలే దక్షిణాన నల్లమలగా సాగుతాయి. అక్కడి చెట్టు లాంటిదే ఇక్కడి చెట్టు. అందుచేత:

ఇంట్లో సాలీడు కనిపిస్తే చెప్పు తీయకండి. గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జరిపి, బయట వదలండి. పిల్లల చేత ఆ పని చేయించండి, వారికి దయ అలవాటవుతుంది. కట్టెల మోపు, రాళ్ళ గుట్ట కదిపేటప్పుడు చేతులు జాగ్రత్త. పెద్ద సాలీళ్ళ కాటు చాలా నొప్పి పెడుతుంది, కరిస్తే వైద్యుణ్ణి చూడాలి. ప్రాణహాని కలిగించే పాము, తేలు నమాజులో ఎదురైనా చంపవచ్చని ధర్మం అనుమతించింది. కానీ ఆ అనుమతి ప్రమాదం కోసం, సరదా కోసం కాదు. అడవి జీవులను పట్టి అమ్మే సంపాదన జోలికి మన యువకులు పోకూడదు.

ఈసారి బూజు దులిపేటప్పుడు ఒక్క క్షణం ఆగి మనల్ని మనం ప్రశ్నించుకుందాం. సాలీడు ఇల్లు ఇంత తేలిగ్గా రాలిపోతే, అల్లాహ్‌ను మరచి మనం కట్టుకున్న ఆశల ఇల్లు ఎంతసేపు నిలుస్తుంది?

తన సృష్టిని చూసి తనను గుర్తించే కళ్ళను, తాను అప్పగించిన అమానతును కాపాడే మనసును అల్లాహ్‌ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్‌.