అడిగేవారి గొంతు

నిజం తనవైపే ఉన్నా వాదన మానుకున్నవాడికి స్వర్గం అంచున ఒక ఇల్లు ఇప్పిస్తానని ప్రవక్త (స) హామీ ఇచ్చారు. అబూ దావూద్ సంకలనంలోని ఈ హదీసు మాకు కొత్తది కాదు. జుమా బయానులో వింటాం, పెళ్లి పంచాయితీల్లో వింటాం. అన్నదమ్ములు మాటామాటా అనుకుంటుంటే పెద్దవాళ్లు మధ్యలో కూర్చుని ఇదే చెబుతారు. నేను దీన్ని నమ్ముతాను. నమ్ముతూనే చాలా ఏళ్లుగా దీని దగ్గర ఆగిపోతున్నాను. నా పంతం నేను వదులుకుంటే అది త్యాగమే, సరే. మరి నేను వదిలేసిన నిజం ఏమవుతుంది? దాన్నే నమ్ముకుని ఉన్న మనిషి ఏమవుతాడు?

వాదన మానడమే గొప్పతనం అనేవాళ్లు గజాలీని తలుచుకుంటారు. తలుచుకోవలసిన మనిషే. 1091లో బాగ్దాద్ నిజామియాలో ఆచార్య పీఠం ఎక్కి, వాదనలో దిట్ట అనిపించుకుని, 1095లో అన్నీ వదిలి వెళ్లిపోయాడు. హెబ్రాన్‌లో ఇబ్రాహీం (అలై) సమాధి దగ్గర ఒట్టు పెట్టుకున్నాడు: పాలకుల గడప తొక్కను, వాళ్ల సొమ్ము ముట్టను, వాదోపవాదాలకు దిగను. తన గ్రంథం 'ఇహ్యా' మొదటి భాగంలో పండిత చర్చలు తెచ్చిపెట్టే రోగాలన్నీ ఏకరువు పెట్టాడు. అసూయ, గర్వం, చాటున నిందించడం, ఎదుటివాడికి చెడు జరిగితే లోపల కలిగే సంతోషం. వీటన్నిటికంటే నన్ను కుదిపేసేది ఒకటుంది. నిజం ఎదుటివాడి నోట వస్తే ఆ నిజాన్నే అసహ్యించుకోవడం. ఆ గోష్ఠుల్లో గెలిచినవాడే కూర్చుని ఇది రాశాడంటే ఎంత ధైర్యం కావాలి!

అయినా గజాలీ నా సందేహం తీర్చడు. వదులుకోవడానికి ఆయన దగ్గర బోలెడు గెలుపులున్నాయి. పీఠం ఉంది, పేరుంది, దర్బారు పిలుపుంది. ఒక్కసారీ గెలవనివాళ్లకు, అసలు నోరు తెరిచే వంతే రానివాళ్లకు, వాదన మానుకోమని ఏ మొహంతో చెబుతాం?

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా ఖాలా, అమ్మ తోడబుట్టినది, గుర్తొస్తుంది.

కడప జిల్లాలో మా అమ్మ పుట్టిన ఊరు. ఇషా నమాజు అయ్యాక మసీదు అరుగు మీద జమాత్ పెద్దలు కూర్చున్నారు. టీ గ్లాసులు అందించే పని పిల్లవాడినైన నాకు పడింది. ఖాలా మెట్ల కింద, కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. తండ్రి వదిలిపోయిన శనక్కాయల చేనులో తన వాటా అడగడానికి వచ్చింది. కొడుకుకు వచ్చేదాంట్లో సగం కూతురికని ఖుర్ఆనే నిర్ణయించింది. అరుగు మీద దాన్ని కాదన్నవాళ్లు ఎవరూ లేరు. మా అమ్మ తన వాటా ఎప్పుడో వదిలేసుకుంది, పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో. ఖాలా వదలలేదు. ఆమె మొగుడు మంచంలో ఉన్నాడు.

మా మామలు కసురుకోలేదు. నాకు బాగా గుర్తున్నది అదే. నెమ్మదిగా, నవ్వుమొహాలతో మాట్లాడారు. ఈసారి వానల్లేవన్నారు, బ్యాంకులో అప్పుందన్నారు, తోడబుట్టినదాన్ని మేం కాదనుకుంటామా అన్నారు. పెద్దలు తలలూపారు. ఖాలా ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసింది. అడంగల్ నకలు. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించింది. దాన్ని అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాచలేదు.

అప్పుడు ఆమె గొంతు లేచింది.

"ఎప్పుడడిగినా వచ్చే పంటకంటారు. నేనేమన్నా దానం అడుగుతున్నానా భాయ్?"

పెద్దాయన ఒకరు చెయ్యెత్తి ఆపారు. "మసీదు ముందర ఆడకూతురికి ఇంత గొంతేందమ్మా" అన్నారు. అని, ఆ హదీసు అరబ్బీలో చదివి, అర్థం చెప్పి, స్వర్గంలో ఇల్లు పోగొట్టుకోవద్దన్నారు. ఖాలా కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచింది. చేను మామల దగ్గరే ఉండిపోయింది.

ఆ రాత్రి మర్యాదగా మాట్లాడినవాళ్లు ఎవరంటే చేను చేతిలో ఉన్నవాళ్లు. ఇవ్వకుండా కూర్చోవడానికి గొంతు పెంచాల్సిన పని లేదు. అడిగి అడిగి అలిసిపోయినవాళ్లకే గొంతు లేస్తుంది. సంభాషణ మర్యాదల గురించి మనం చెప్పుకునే నీతులన్నీ ఈ ఒక్క సంగతి మరిచిపోతే, అవి ఉన్నవాడికి కాపలా కాస్తాయి.

నా దీన్ అలాంటి కాపలా కాయదని నాకు తెలుసు. బుఖారీలో ఒక సంఘటన ఉంది. తనకు రావలసిన ఒంటె కోసం ఒకతను ప్రవక్త (స) దగ్గరకే వచ్చి దురుసుగా మాట్లాడాడు. సహాబాలు, అంటే ప్రవక్త సహచరులు, అతని మీదికి వెళ్లబోతే ఆయనే ఆపారు. హక్కున్నవాడికి మాట్లాడే అధికారం ఉందన్నారు. అతనికి రావలసినదానికంటే మంచి ఒంటెను ఇప్పించారు. గొంతు తగ్గించుకుంటేనే ఇస్తాననలేదు. సూరా నిసాలో 148వ ఆయతు కూడా ఇదే దారి చూపిస్తుంది. చెడ్డమాట పైకి అనడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవాళ్లకు మాత్రం మినహాయింపు. ఆ మినహాయింపు మా ఊరి అరుగు మీద ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక్కడితో ఆగితే నాకు హాయిగా ఉండేది. అన్యాయం జరిగినవాళ్లు అరవవచ్చు, మర్యాద మిగతావాళ్లకు. కానీ మూసా (అలై) అడ్డొస్తాడు. ఫిరౌన్ ముందు బలహీనుడు ఆయనే, అన్యాయం జరిగింది ఆయన జాతికే. అయినా ఆయన్నీ హారూన్‌నీ మృదువుగా మాట్లాడమనే పంపించాడు అల్లాహ్. ఖౌలా బిన్త్ సఅలబా (రజి) కూడా అడ్డొస్తుంది. మొగుడు కోపంలో ఆమెను తల్లితో పోల్చి దూరం పెట్టాడు. పాత ఆచారం ప్రకారం ఆమె భార్యా కాదు, విడుదలైనదీ కాదు. ప్రవక్త (స) దగ్గరకు వచ్చి, అనుకూలమైన జవాబు రాకపోయినా కదలకుండా వాదించింది. ఆమె వాదన విన్నానంటూ అల్లాహ్ ఆయతులు దింపాడు, ఆ ఆచారం చెల్లకుండా పోయింది. ఖుర్ఆన్‌లో 58వ సూరాకు పేరే ఆ వాదన మీద వచ్చింది. అంత వాదన జరుగుతుంటే అదే ఇంట్లో ఓ మూల ఉన్న ఆయిషా (రజి)కి ఆమె మాటలు కొన్ని వినపడనే లేదట. అంత మెల్లగా మాట్లాడింది.

మరి ఖాలా గొంతు లేవడం తప్పేనా? ఎన్నో రోజులు ఈ ముడి విప్పలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా విప్పానని చెప్పలేను. ఒకటి మాత్రం కనిపిస్తోంది. మూసా మెల్లగా మాట్లాడాడు, కానీ తన జాతిని వదిలిపెట్టమన్న కోరికను తగ్గించలేదు. ఖౌలా మెల్లగా మాట్లాడింది, కానీ ఖాళీ చేతులతో ఇంటికి పోలేదు. మెత్తదనం వేరు, వదిలేయడం వేరు. ఇంకోటి, మూసాను మృదువుగా ఉండమన్నది అల్లాహ్. ఫిరౌన్ కాదు. ఫిరౌన్ అదే మాట అని ఉంటే అది మర్యాద పాఠం కాదు, దౌర్జన్యం.

స్వర్గం అంచున ఇల్లు కూడా ఇలాంటిదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ హదీసు నాకు నేను చెప్పుకోవాలి. నేను బాకీ పడ్డ మనిషికి నేను చదివి వినిపించకూడదు. ఎవరితో వాదించినా నిజం ఎదుటివాడి నోట వెలువడాలని కోరుకునేవాణ్ణని ఇమామ్ షాఫయీ చెప్పుకున్నాడట. తన మీద తాను పెట్టుకున్న షరతు అది, ఎదుటివాడి మీద కాదు.

అయితే ఈ రోజుల్లో అన్యాయం జరిగింది నాకేనని అననివాళ్లెవరు? ప్రతివాడూ ఆ మినహాయింపు కిందే అరుస్తున్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. గొంతు ఎంత లేచిందో చూడకముందు బాకీ ఉందా లేదా చూడాలన్నంత వరకే చెప్పగలను.

మా నాన్న పోయాక చెల్లెలి వాటా రిజిస్ట్రేషన్ చేయించాం. అడగకముందే చేయించాం. ఇప్పుడు బోరు దగ్గర తగువు వచ్చింది. రాత్రి కరెంటు వంతు ఎప్పుడూ తనకే పడుతోందని మొన్న ఫోనులో గట్టిగా అరిచింది. ఆ హదీసు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, చెప్పమ్మా అన్నాను. వంతులు రాసుకునే నోటుబుక్కు ఇంకా తెప్పించుకుని చూడాలి. ఆమె అన్నదే నిజమైతే, అది ఆమె నోట విన్నందుకు నాకు కోపం రాకూడదని దువా చేస్తున్నాను.