పరీక్షకు కూలి ఎంత?

ఎండలు ముదిరితే వరంగల్‌లో ఎలక్ట్రీషియన్లకు తీరిక ఉండదు. పాత సామాన్ల దుకాణాలవారు కూలర్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు పరీక్ష చేయించి అమ్ముతారు. "వస్తువుకు 20 రూపాయలిస్తాను, ఈ ఇరవై చూసి పెట్టు భాయ్" అని ఒక దుకాణదారుడు అడిగాడనుకుందాం. ఇంత తక్కువ కూలికి ఒప్పుకోవడం ధర్మసమ్మతమేనా?

ధర ఇరుపక్షాల అంగీకారాన్ని బట్టి ఉంటుంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని ప్రజలు కోరితే దైవప్రవక్త (స) అందుకు సమ్మతించలేదని హదీసు గ్రంథాల్లో ఉంది. కనుక తక్కువకు చేయడం పాపం కాదు. అయితే ఇజారా (కూలి ఒప్పందం)లో పని, వేతనం రెండూ స్పష్టంగా తెలిసి ఉండాలన్నది ఫిఖ్‌హ్ పండితుల షరతు. మరి 'పరీక్ష' అంటే ఏ పని?

ప్లగ్గు పెట్టి, ఫ్యాను తిరిగిందని చూస్తే సరిపోదు. వైరు ఎక్కడైనా తెగిందేమో చూడాలి. ఇనుప బాడీకి ఎర్త్ అందుతోందో లేదో కొలవాలి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించాలి. చక్కగా తిరిగే కూలర్ బాడీకి కూడా కరెంటు రావచ్చు. తడి చేత్తో దాన్ని తాకిన పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా ఇరవై వస్తువులకు 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. రాకపోకలు, పెట్రోలు, పరికరాల ఖర్చు వేరు. 400 రూపాయలకు ఇది గిట్టదనుకున్నవాడు పన్నెండింటిని పరీక్షించి, ఎనిమిదింటిని ఊరికే వదిలేసి, అన్నిటికీ 'బాగుంది' అని చీటీ అంటిస్తే?

కొలతల్లో, తూకాల్లో తగ్గించేవారిని దివ్య ఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరాలో తీవ్రంగా హెచ్చరించింది. ఒప్పుకున్న పనిలో కోత పెట్టడం కూడా తూకంలో తగ్గించడం లాంటిదే. పైగా ఆ చీటీ ఒక సాక్ష్యం. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టి, అడుగున తడిని కనిపెట్టి, ఆ వర్తకుణ్ణి మందలించిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. పరీక్షించేవాడు కొనేవారి తరఫున రాశిలోకి చెయ్యి పెట్టేవాడు. చెయ్యి పెట్టకుండానే 'అంతా పొడిగా ఉంది' అంటే అది అబద్ధపు సాక్ష్యమే కదా!

"పరీక్ష ఉచితం, లోపముంటే బాగుచేసి డబ్బు తీసుకుంటాను" అనడంలోనూ ప్రమాదముంది. అప్పుడు లేని లోపాన్ని చూపాలని మనసు లాగుతుంది. అందుకే వస్తువు బాగున్నా బాగులేకపోయినా పరీక్షకు ఒకే కూలి ఉండటం మేలు.

గిట్టనప్పుడు మార్గం లేకపోలేదు. "ఈ డబ్బుకు పది వస్తువులే సరిగా చూడగలను. మిగతావాటికి చీటీ అంటించను" అని ముందే చెప్పాలి. 'నేను కాదంటే మరొకడు చేస్తాడు' అనుకోవద్దు. అతని లెక్క అతనిది, మన లెక్క మనది. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్.

బేరమాడే సోదరులూ ఆలోచించాలి. కార్మికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ధర్మం మనది. గిట్టని ధరకు ఒప్పించి, పూర్తి పనిని ఆశించడం న్యాయమా?

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.