వస్తువుకు మతం ఉంటుందా?



ధర్మవరంలో నేసిన ఒక పట్టుచీరను చేతిలోకి తీసుకొని చూడండి. హిందూపురం, మడకశిర ప్రాంతపు రైతు మల్బరీ ఆకు వేసి పెంచిన పురుగు ఆ పట్టును ఇచ్చింది. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్లో వేలానికి వచ్చాయి. వాటిని కొని, వేడినీళ్లలో ఉడికించి పోగు తీసినవారు ముస్లింలు కావచ్చు. ఈ రీలింగ్ పని మీద బతికే మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. జరీ సూరత్ నుంచి వచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాడు పద్మశాలి కావచ్చు, తొగట కావచ్చు, మన సోదరుడే కావచ్చు. చివరికి ఆ చీర ఒక హిందూ వధువు పెళ్లిపీటల మీదికో, ఒక ముస్లిం వధువు నికాహ్‌కో చేరుతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ చీర ఏ మతానిది?

ఇది పొద్దుపోక వేసుకునే ప్రశ్న కాదు. జుమా నమాజు తర్వాత ఆలిముల దగ్గరికి వచ్చేవారు అడిగే ప్రశ్నల్లో సగం ఇలాంటివే. "పొరుగింటివారు ఇచ్చిన గిన్నెలో మనం వండుకోవచ్చా? గుడికి సమర్పించడానికని తెలిసి చీర నేయవచ్చా? దీపావళికి ప్రమిదలు అమ్మవచ్చా? అమెరికాలో చదువుకుంటున్న మా అబ్బాయి గదిలో తోటి విద్యార్థి పెట్టుకున్న పూజాపటం ఉంది, అక్కడ నమాజు అవుతుందా?" ఈ ప్రశ్నల వెనుక ఒకరి జీవనోపాధి ఉంది, ఒకరి ఇరుగుపొరుగు ఉంది, అందరి విశ్వాసమూ ఉంది.

హిందూపురం దాటితే కర్ణాటక. 2022 మార్చిలో ఆ రాష్ట్రంలోని కొన్ని ఊళ్లలో గుడి జాతరల దగ్గర ముస్లింలు అంగళ్లు పెట్టుకోకూడదని అడ్డుచెప్పారు. అమ్మేవాడి పేరును బట్టి గాజులకు, బొమ్మలకు మతం అంటగట్టారు. ఇది అన్యాయమని మనకు వెంటనే తెలిసింది, ఎందుకంటే దెబ్బ మన మీద పడింది. అయితే మనలో కూడా "ఫలానావాడి దుకాణంలో కొనకండి, ఫలానావాళ్ల ఇంటి నీళ్లు తాగకండి" అనేవారు లేకపోలేదు. ఆ మాట ఎవరి నోట వచ్చినా దాన్ని ధర్మం అనే గీటురాయి మీద పెట్టి చూడవలసిందే.

అసలు సూత్రం

భూమి మీద ఉన్న సమస్తాన్నీ అల్లాహ్ మానవుల కోసమే సృష్టించాడని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 29వ ఆయతు తెలియజేస్తోంది. దీన్ని ఆధారం చేసుకొని ధర్మవేత్తలు ఒక సూత్రం చెప్పారు. నిషిద్ధమని చెప్పే ఆధారం లేనంతవరకు ప్రతి వస్తువూ ధర్మసమ్మతమే. అంటే "ఇది హలాల్ అని నిరూపించు" అని వస్తువును నిలదీయనక్కరలేదు. హరామ్ అన్నవాడే ఆధారం చూపాలి.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) జీవితం ఈ సూత్రానికి ఆచరణ రూపం. తబూక్ ప్రయాణంలో ఆయన తొడుక్కున్నది సిరియా దేశపు జుబ్బా. దాని చేతులు ఇరుకుగా ఉండడం వల్ల వుజూ చేసేటప్పుడు చేతులను లోపలి నుంచి బయటికి తీయవలసి వచ్చిందని హదీసులో ఉంది. సిరియా అప్పటికి రోమన్ల ఏలుబడిలోని క్రైస్తవ దేశం. అయినా ఆ వస్త్రంతోనే నమాజు చేశారు. మదీనాను కాపాడిన కందకం పారశీకుల యుద్ధతంత్రం. సల్మాన్ ఫార్సీ (రజి) సలహా ఇచ్చారు, ప్రవక్త (సఅసం) స్వీకరించారు. ముద్ర లేని లేఖను రాజులు చదవరని విన్నప్పుడు వెండి ఉంగరం చేయించి ముద్ర వేశారు. ఆయన పరమపదించేనాటికి ఆయన కవచం ఒక యూదుని దగ్గర బార్లీ గింజల కోసం తాకట్టులో ఉంది. చుట్టూ ఎందరో సహచరులు ఉండగా ఆయన ఒక యూదునితో లావాదేవీ పెట్టుకున్నారు. ఇంతకన్నా స్పష్టమైన పాఠం ఇంకేం కావాలి?

మరో సంఘటన చూడండి. ఒక ప్రయాణంలో సహచరులు దాహంతో అల్లాడుతున్నప్పుడు, బహుదైవారాధకురాలైన ఒక స్త్రీ ఒంటె మీద రెండు తోలుసంచుల్లో నీళ్లు తీసుకుపోతూ కనిపించింది. ఆ నీళ్లే అందరూ తాగారు. స్నానం విధి అయిన ఒకతను ఆ నీళ్లతోనే స్నానం చేశాడు. తర్వాత ఆమెకు ఖర్జూరాలు, పిండి మూటగట్టి ఇచ్చి గౌరవంగా పంపించారు. ఆమె విశ్వాసం ఏదైనా ఆమె సంచిలోని నీళ్లు నీళ్లే.

పొరుగింటి గిన్నె ప్రశ్నకు కూడా హదీసులో జవాబు ఉంది. అన్యమతస్థుల పాత్రల గురించి అబూ సఅలబా (రజి) అడిగినప్పుడు, వేరే పాత్రలు దొరికితే వాటిలో తినమని, దొరకకపోతే వాటినే కడిగి తినమని ప్రవక్త (సఅసం) చెప్పారు. అందులో హరామ్ వండారేమోనన్న అనుమానం నీళ్లతో తీరిపోతుంది. కడిగితే పోయేది మరక. మతం గిన్నెకు అంటుకునేది కాదు.

హద్దు ఎక్కడ ఉంది?

ఇక్కడ ఒక సోదరుడు అడగవచ్చు. "వస్తువుకు మతం లేనప్పుడు ప్రసాదం ఎందుకు వద్దంటాం? అది కూడా బెల్లం, బియ్యం, అరటిపండే కదా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. ఒకే ఫారంలో పెరిగిన రెండు కోళ్లను తీసుకోండి. ఒకదాన్ని అల్లాహ్ పేరు ఉచ్చరించి జిబహ్ చేశారు. రెండోదాన్ని అలా చేయలేదు. రెండూ ఒకే మేత తిన్నాయి, ఒకే బరువు తూగుతాయి. అయినా ఒకటి మనకు హలాల్, రెండోది కాదు. తేడా కోడిలో లేదు. కోసిన చేతిలో, ఉచ్చరించిన నాలుకలో ఉంది. అలాగే కొబ్బరికాయ వంటింట్లో పగిలితే పచ్చడి, విగ్రహం ముందు పగిలితే ఆరాధన. కరెంటు పోయినప్పుడు వెలిగించిన ప్రమిద వెలుతురు కోసం, పటం ముందు వెలిగించినది పూజ కోసం. కాయ మారలేదు, ప్రమిద మారలేదు. సంకల్పం మారింది, పని మారింది. మతం ఉండేది మనిషి చేతల్లో. మనం ప్రసాదాన్ని మర్యాదగా వద్దనేది బెల్లాన్ని ఏవగించుకొని కాదు. ఏకదైవారాధకులుగా ఆ ఆరాధనలో పాలుపంచుకోలేం కనుక. మన ఇంట్లో మాంసం ముట్టని పొరుగువారి ఇబ్బంది కూడా ఇలాంటిదేనని అందరికన్నా ముందు మనకే అర్థం కావాలి.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న ఒక తెర వేలాడుతుండగా ప్రవక్త (సఅసం) అయిష్టపడ్డారు. ఆమె దాన్ని కత్తిరించి దిండ్లు కుట్టారు. ఆ దిండ్లను ఆయన వాడుకున్నారు. గుడ్డ అదే. ఎత్తులో వేలాడితే గౌరవస్థానం, నేల మీద పరిస్తే వాడుక వస్తువు. అమెరికాలోని అబ్బాయికి కూడా ఇదే దారి. పటం ఎదురుగా లేని వైపు జానిమాజ్ పరచుకోవాలి, నమాజు నెరవేరుతుంది. తోటివాడి పటాన్ని తీసేసే హక్కు అతనికి లేదు. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని అన్ఆమ్ సూరా 108వ ఆయతు మనల్ని వారించింది కూడా.

అయితే కొన్ని వస్తువులు ఆరాధన కోసమే రూపొందుతాయి, వాటికి వేరే వాడుక ఉండదు. విగ్రహం, శిలువ ఈ కోవలోనివి. ఒక సముదాయాన్ని అనుకరించినవాడు వారిలోనివాడే అవుతాడన్న భావంగల హదీసు వర్తించేది ఇలాంటి మతచిహ్నాలకు. దాన్ని తీసుకెళ్లి పంచెకు, పట్టుచీరకు, అరటాకు భోజనానికి అంటించడం హదీసు పట్ల న్యాయం కాదు.

నేతగాడి ప్రశ్న

మరి గుడికి సమర్పించే చీర సంగతేమిటి? హిదాయా గ్రంథం చదివిన ప్రతి మదరసా విద్యార్థికీ ఒక చర్చ గుర్తుంటుంది. సారాయి తయారుచేసేవాడికి ద్రాక్షరసం అమ్మవచ్చా? ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అమ్మవచ్చన్నారు. పాపం ఆ రసంలో లేదు, కొన్నవాడు దాన్ని మార్చిన తర్వాత వచ్చింది అన్నది ఆయన వాదన. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మలై) మాత్రం తెలిసి అమ్మడం పాపానికి తోడ్పడటమేనని దాన్ని అయిష్టకరంగా భావించారు. ఇద్దరి మాటలోనూ బరువుంది.

కాబట్టి చీరను చీరగా నేసి మార్కెట్లో అమ్మే సోదరుని సంపాదన హలాల్. కొన్నవారు దాన్ని ఎక్కడ కడతారో విచారించే బాధ్యత అతని మీద లేదు. దీపావళి నెలలో ప్రమిదలు అమ్మే కుండల వ్యాపారి సంగతీ ఇంతే. గుడి కోసమే ప్రత్యేకంగా పని ఒప్పుకొనేటప్పుడు శిష్యుల అభిప్రాయం ప్రకారం జాగ్రత్తపడి వేరే పని చూసుకోగలిగితే అది తఖ్వా. కానీ పూట గడవని నేతగాడిని, కడుపు నిండినవాడు కూర్చొని నిందించడం తఖ్వా కాదు. విగ్రహాన్నే చెక్కే పని మాత్రం ఈ చర్చలోకి రాదు. అది ధర్మసమ్మతం కాదన్న విషయంలో భేదాభిప్రాయం లేదు.

పట్టు గురించి మరో ముచ్చట. పట్టు మన పురుషులకు నిషిద్ధం, స్త్రీలకు సమ్మతం. ఒకసారి ప్రవక్త (సఅసం) హజ్రత్ ఉమర్ (రజి)కు ఒక పట్టువస్త్రం పంపించారు. పట్టు గురించి అంత కఠినంగా చెప్పి తనకే పంపారేమని ఆయన అడిగారు. తొడుక్కోవడానికి ఇవ్వలేదని సమాధానం వచ్చింది. అప్పుడు ఉమర్ (రజి) దాన్ని మక్కాలో ఉన్న, ఇంకా ఇస్లాం స్వీకరించని తన సోదరునికి కానుకగా పంపారు. తాను తొడగని పట్టు, విశ్వాసం వేరైనా బంధం తెగని సోదరునికి బహుమానమైంది.

మన వస్తువుల సంగతి

ఇతరుల వస్తువులను అనుమానించే మనం మన వస్తువులను ఎలా చూస్తున్నాం? ఇది అంతకన్నా పెద్ద ప్రశ్న.

హజ్రత్ ఉమర్ (రజి) కాబా గృహంలోని నల్లరాయి దగ్గర నిలబడి, అది లాభనష్టాలు కలిగించలేని ఒక రాయి మాత్రమేనని, ప్రవక్త (సఅసం) ముద్దాడగా చూడకపోతే తానూ ముద్దాడేవాడిని కాదని ప్రకటించారు. ముస్లింల దృష్టిలో అంతటి గౌరవం ఉన్న రాయి విషయంలోనే ఆయన మాట ఇది. మరి మన ఆటో అద్దానికి వేలాడే తావీజు, దుకాణం గడపకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ మనల్ని కాపాడతాయని నమ్మితే మనం చేస్తున్నదేమిటి? వస్తువుకు మతం ఉందనుకోవడం ఒక తప్పు, వస్తువుకు శక్తి ఉందనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

పెనుకొండనే తీసుకోండి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు ఇక్కడి నుంచి పాలించారు. వారి గగనమహల్ కమానుల్లో సుల్తానుల కట్టడాల తీరు కనిపిస్తుంది. కమాను ఎత్తించినంత మాత్రాన రాజుల మతం మారలేదు. ఆ ఊళ్లోనే గుళ్లు, పార్శ్వనాథ జైన ఆలయం, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా ఉన్నాయి. బాబా ఫఖ్రుద్దీన్ గారికి ఆయన గురువు ఒక మిస్వాక్ పుల్ల ఇచ్చి, అది చిగురించిన చోట స్థిరపడమన్నారని అక్కడివారు చెప్పుకుంటారు. మిస్వాక్ ప్రవక్త (సఅసం) సున్నత్. దాని గౌరవం నోటిని శుభ్రం చేసుకోవడంలో ఉంది. పుల్లను కళ్లకద్దుకొని, అదే నోటితో పొరుగువాని మీద చాడీలు చెప్పేవాడికి అది ఏం మేలు చేస్తుంది?

సముద్రాల అవతల

నేడు మన పిల్లలు వెళ్తున్న అమెరికాలోనూ ఇవే ప్రశ్నలు. అక్కడి డాలరు నోటు మీద దేవునిపై విశ్వాసాన్ని ప్రకటించే వాక్యం ఉంటుంది. 1957 నుంచి నోట్ల మీద అది అచ్చవుతోంది. యూదుడు, క్రైస్తవుడు, ముస్లిం, ఏ దేవుణ్ణీ నమ్మనివాడు అందరూ ఆ నోటుతోనే పాలు కొంటారు. 2001 సెప్టెంబర్ 1న అక్కడి తపాలా శాఖ ఈద్ స్టాంపు విడుదల చేసింది. అరబీ అక్షరాలు రాసినవారు ఇస్లాం స్వీకరించిన అమెరికన్ ఖత్తాత్ ముహమ్మద్ జకరియా. పది రోజులకే న్యూయార్క్, వాషింగ్టన్ దాడులు జరిగాయి. అయినా 2002లో ఆ స్టాంపు మళ్లీ వచ్చింది. 2007లో అక్కడి కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్, మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఒకప్పుడు కొనుక్కున్న ఖుర్ఆన్ అనువాద ప్రతి మీద చెయ్యి ఉంచి ప్రమాణం చేశారు. తలకు స్కార్ఫు కట్టుకున్నందుకు ఉద్యోగం దక్కని ఒక ముస్లిం యువతి పక్షాన 2015లో అక్కడి సుప్రీంకోర్టు నిలిచింది.

అదే దేశంలో 2001 సెప్టెంబర్ 15న అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు సోదరుణ్ణి, తలపాగా, గడ్డం చూసి అరబ్బు అనుకొని ఒకడు కాల్చి చంపాడు. గుడ్డను చూసి మనిషిని కొలిస్తే జరిగేది ఇదే.

మన రూపాయి నోటు వెనుక భాషల పట్టీ చూడండి. విలువను పదిహేను భాషల్లో వరుసగా రాస్తారు. చివరి రెండు వరుసలు తెలుగు, ఉర్దూ. ఒకదాని కింద ఒకటి, ఒకే విలువ చెబుతూ ఉంటాయి.

సోదర సోదరీమణులారా! ధర్మం విషయంలో మనతో పోరాడనివారితో మంచిగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించలేదని ముమ్తహినా సూరా 8వ ఆయతు చెబుతోంది. ఒక జాతి మీది ద్వేషం కూడా మనల్ని న్యాయం నుంచి తప్పించకూడదని మాయిదా సూరా 8వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. ఆరాధన విషయంలో హద్దు దాటకండి. వ్యవహారంలో లేని హద్దులు గీయకండి. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపకండి. అందులో హలాల్ ఆహారమేదైనా పెట్టి పంపండి. రేపు ప్రళయదినాన మన దగ్గరున్న వస్తువులు ఏ మతానివని ఎవరూ అడగరు. వాటిని ఎలా సంపాదించాం, దేనికి వాడాం అన్నదే లెక్కకు వస్తుంది.

సృష్టితాలను సృష్టితాలుగా వాడుకొని, ఆరాధనను సృష్టికర్తకు మాత్రమే ప్రత్యేకించుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.